కంచె దాటిన మంద

మా అన్న గొర్రెలు ప్రయోగం చేనిలో పడ్డాయని అతని తర్వాత మొదట తెలిసింది నాకే.

ఆ చేను తొండూరుకు ఈ పక్కన, మా ఊరి పొలాలను ఆనుకుని ఉంది. హైదరాబాదు నుంచి ఒక పరిశోధన సంస్థవాళ్లు వచ్చి ఒక రైతు దగ్గర దాన్ని కౌలుకు తీసుకున్నారు. చుట్టూ ఇనుప జాలీ కంచె వేసి లోపల కంది విత్తారు. వ్యవసాయ డిప్లొమా చదివి పని దొరక్క ఇంట్లో కూర్చున్న నన్ను ఆ చేనికి సహాయకురాలిగా పెట్టుకున్నారు. పొద్దున్నే పోయి మొక్క మొక్కా చూడడం, ఎక్కడ పురుగు పడిందో, ఎక్కడ పడలేదో ఫోనులో ఎక్కించి పంపడం, లోపలికి ఎవరినీ రానివ్వకపోవడం నా పని.

లోపల రెండు రకాల కంది ఉండేది. ఒకటి మనం వేసుకునే మామూలు కంది. రెండోది ప్రయోగశాలలో తయారైనది. నేలలో బతికే ఒక బాక్టీరియా నుంచి జన్యువు తీసి ఆ కందిలో చేర్చారు. దాంతో ఆ మొక్క తన ఆకులో, పూతలో, కాయలో ఒక ప్రొటీను తయారు చేసుకుంటుంది. కాయ తొలిచే పచ్చపురుగు దాన్ని తిన్నదంటే పేగుకు చిల్లులు పడి చస్తుంది. ఆ ప్రొటీను అతుక్కునే చోటు మనుషుల పేగులో గానీ, గొడ్డూగోదా పేగులో గానీ ఉండదు కాబట్టి మనకు ఏమీ కాదు. మాకు అట్లా నేర్పించారు. అయినా ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఆ చేనిలోని గింజ ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఆకు ఒక్కటి కూడా ఏ నోట్లోనూ పడకూడదు.

నాకు ఆ పని దొరికినప్పుడు నాకంటే మా అన్నే ఎక్కువ సంబరపడ్డాడు. మాది తాతల కాలం నుంచి గొర్రెలు మేపే కుటుంబం. నాన్న ఉన్నప్పుడు కొంచెం నేల కొన్నాం. అప్పటి నుంచి మందను చూసుకుంటూనే కంది కూడా వేస్తున్నాం. ముందటేడు ఆ కందిని పురుగు ఊడ్చిపెట్టింది. అన్న ఏ మందు తెచ్చి కొట్టినా రెండు పూటలు తగ్గినట్టు కనిపించి మళ్లీ ఎగబడేది. ఇక మందు మీద ఆశ వదులుకుని, వదినా నేనూ చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మలు దులిపేవాళ్లం. పురుగులు టపటపా రాలేవి. వాటిని మూటగట్టి కిరసనాయిలు కలిపిన నీళ్లలో పోసేవాళ్లం. మరునాడు పోతే చెట్టు నిండా మళ్లీ అవే. వదిన కాయ వలిచి చూస్తే లోపల గింజ ఉండాల్సిన చోట పురుగు పెంట ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని గట్టు మీద కూలబడింది. చాలాసేపటిదాకా లేవలేదు.

అందుకే అన్న కంచె బయట నిలబడి రోజూ అడిగేవాడు.

"పత్తికి ఎప్పుడో వచ్చింది గదమ్మీ ఈ ఇత్తనం. కందికి ఇంత ఆలీసమేంది?"

"పత్తి కట్టుకునేదన్నా. కంది తినేది. తినేదానికి ఇంకా శానా పరీక్షలు చెయ్యాలంట."

"చెయ్యనీ. బిన్నే చెయ్యమను. మేం బతికుండంగానే."

కార్తీకం వచ్చేసరికి ఆ చేను కాయ మీద ఉంది. మామూలు కంది వరుసల్లో ఏ కాయ చూసినా చిల్లు ఉండేది. పక్క వరుసలోనే ప్రయోగం కంది. దాని కాయల మీద చిన్న గీరు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆకు తిప్పి చూస్తే నల్లబడి ముడుచుకుపోయిన పిల్లపురుగులు కనిపించేవి. ఒక చేత్తో ఈ వరుస కాయను, ఇంకో చేత్తో ఆ వరుస కాయను పట్టుకుని ఊరికే నిలబడిపోయేదాన్ని. వదినకు ఒక్కసారి చూపించాలని ప్రాణం కొట్టుకునేది. కానీ లోపలికి రానివ్వకూడదు. ఫొటో కూడా బయటికి చూపకూడదు.

అంతలో తుపాను పట్టింది. ఎడతెరిపి లేని వాన. చేని పక్కన ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే వంక పొంగి కంచెను ఒక పక్క పడగొట్టేసింది. పడిపోయిన జాలీ మీద ఒండ్రు మట్టి పేరుకుంది. కంచె ఎక్కడ ఉండేదో కూడా తెలియకుండా పోయింది. వాన వెలిసిన పొద్దున నేను గొడుగు పట్టుకుని బురదలో పడుతూ లేస్తూ పోయేసరికి అన్న చేని నడుమ కట్టె తిప్పుతూ అరుస్తున్నాడు. చుట్టూ గొర్రెలు. దొడ్డిలోకి నీళ్లు వస్తే మందను మెరక మీదికి తోలుకొచ్చాడట. రాత్రంతా కడుపు మాడిన జీవాలు పచ్చదనం చూసి ఉరికాయి.

"కంచె కనపల్లేదమ్మీ. వంక మట్టి కప్పేసినాది. నేను ఎనకనున్న పిల్లల్ని ఎత్తుకోని వచ్చేలోపల ఇవి దూరినాయి" అన్నాడు.

ఇద్దరం కలిసి మందను బయటికి తోలాం. వెనక్కి తిరిగి చూస్తే వరుసలకు వరుసలు మోడులయ్యాయి. మామూలు కందీ లేదు, ప్రయోగం కందీ లేదు. రెండింటినీ ఒకే రకంగా తినేశాయి.

అన్న అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు. "ఎవురూ చూడలా. నేను తోలుకోని పోతా. వంక కొట్టుకోని పోయిందని చెప్పు. సరిపాయె."

"కాయలు కూడా తిన్నాయన్నా. ముదిరిన గింజ పేడలో పడితే మొలుస్తాది. యాడ మొలుస్తాదో ఎవురికి తెలుసు?"

"మొలిస్తే ఏమి? మంచిదే గదా మొలిచేది?"

సంస్థవాళ్లకు ఫోను చేస్తానన్నాను. చేస్తే ఏమవుతుందని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు. అన్న కట్టె కింద పడేసి బురదలోనే గొంతుక్కూర్చున్నాడు. నేను ఫోను చేశాను.

ప్రయోగాన్ని చూసుకునే శాస్త్రవేత్త ఒక మేడం. ఫోను చేసిన మరునాడే కారులో వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని చేనంతా తిరిగారు. ఒక మోడు దగ్గర వంగి, మిగిలిన కాయ ఒకటి తెంపి వేళ్ల మధ్య నలుపుతూ, "కోత దాకా నిలబడి ఉంటే సరిపోయేదమ్మా. మేము ఎన్నేళ్లు కష్టపడ్డామో నీకు తెలియదు" అన్నారు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పారు. కంచె దాటి మేత జరిగింది కాబట్టి ప్రయోగం రద్దయినట్టే. మిగిలిన మొక్కలన్నీ వేళ్లతో పెరికి గుంతలో వేసి కాల్చాలి. పచ్చి కట్టె, తడి నేల. డీజిలు పోసినా మంట అంటుకోలేదు. నల్లటి పొగ ఊరి మీదికి పోయింది. చిల్లు లేని కాయలను నా చేతులతోనే ఆ గుంతలో వేశాను.

ఇక గొర్రెల సంగతి. కడుపులోని గింజలన్నీ పేడలో పడిపోయేదాకా వాటిని మళ్లీ లోపలికి తోలి, కంచె నిలబెట్టి అక్కడే ఉంచాలన్నారు. పై నుంచి ఆర్డరు వచ్చేదాకా కోతకు అమ్మకూడదు, పాలు పిండకూడదు. మేత మేమే పంపిస్తామన్నారు. అన్న తల ఊపాడు. అప్పటికి అతనికి మేడం మీద కోపం లేదు. నాతో మాత్రం మాట్లాడడం మానేశాడు.

కొద్ది రోజులు ఆటోలో మేత వచ్చింది. తర్వాత ఒకరోజు వచ్చి ఒకరోజు రాలేదు. తర్వాత రానే లేదు. నేను ఫోను చేస్తే మేడం, "పైవాళ్లను అడుగుతున్నానమ్మా, ఎవరూ బాధ్యత తీసుకోవడం లేదు" అనేవారు. మొదట గట్టిగానే చెప్పేవారు. పోను పోను ఆ గొంతూ నీరసపడింది. తర్వాత ఫోను ఎత్తడమే తగ్గింది.

ఈలోగా ఎవరో కంచె బయట నిలబడి వీడియో తీశారు. జాలీ వెనక గొర్రెలు, వాటి నడుమ అన్నా నేనూ, గేటుకు వేలాడే హెచ్చరిక బోర్డు, గుంతలో బూడిద. పురుగుల్ని చంపే కంది తిన్న గొర్రెలు, వీటి మాంసం తింటే మీ పేగులూ అంతే, అని ఒక మగ గొంతు. అది పులివెందులలో టీ అంగడి దాకా పోయింది. ప్రొద్దుటూరు పోయింది. మా వదిన పుట్టింటివాళ్ల ఫోనుకు కూడా వచ్చింది.

ఆర్డరు వచ్చాక మాంసం అంగడి ఆయన కొంటాడో లేదో కనుక్కుందామని అన్న ప్రొద్దుటూరుకు పోయాడు. నన్నూ రమ్మన్నాడు. వాన రోజు తర్వాత అతను నాతో మాట్లాడింది అప్పుడే. ఆయన మా నాన్న కాలం నుంచి మా పొట్టేళ్లు కొనే మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"నీ మీద నాకు నమ్మకముండాదప్పా. ఈ పాప చెప్పేది కూడా అర్థమైంది. కానీ నా అంగడి ముందర నిలబడేవాళ్లకు నేను పేగు సంగతి ఎట్ల చెప్పేది? మీ మంద అని తెలిస్తే చాలు, పక్క అంగడికి పోతారు."

"ఆర్డరు వచ్చినాక కూడానా మామా?"

ఆయన మా అన్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

మా వైపు పంట కోసిన పొలంలో గొర్రెల మందను నిలిపించుకుంటారు. మంద రాత్రిళ్లు అక్కడ పడుకుంటే నేలకు ఎరువు. రైతు మాకు గింజలిస్తాడు. ఏటా మా మంద కోసం పోటీ పడే రైతే ఆ యేడు వచ్చి, "ఈసారి వద్దులేప్పా, ఆ పేడలో ఏముంటాదో" అని గేటు బయటి నుంచే చెప్పి పోయాడు. వాళ్ల చేనిలో పత్తి ఉంది. ఆ పత్తి విత్తనంలోనూ ఇట్లాంటి జన్యువే ఉంది. కోత అయ్యాక ఆ చేనిలో మా గొర్రెలు ఏటా ఆకు తిన్నవే. నేను గేటు దాకా పరుగెత్తుకుపోయి ఆ మాట చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

తడి ఆరని నేల మీద, మేత చాలక, గొర్రెలకు గిట్టలు చెడ్డాయి. కడుపు జారి పారుడు పట్టుకుంది. ముందు పిల్లలు పడిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది బురదతో, ఇరుకుతో వచ్చిన రోగమేనని, కందితో కాదని చెప్పాడు. మందు ఇచ్చాడు, సూదులు వేశాడు. కానీ కంచె బయట నిలబడి చూసేవాళ్లకు చచ్చిన గొర్రెపిల్ల మాత్రమే కనిపించేది.

నాకు కూడా అంతే. ఇది చెప్పడం కష్టం. నేను చదువుకున్నదాన్ని. ఆ ప్రొటీను ఎట్లా పనిచేస్తుందో, గొర్రె కడుపులో అది ఎట్లా అరిగిపోతుందో ఎవరికైనా బొమ్మ గీసి చెప్పగలను. అయినా ఒక పొద్దున వదిన వరసగా చచ్చి పడి ఉన్న పిల్లలను గోనెసంచిలో వేస్తూ, "నిజం చెప్పు పాపా. నీకు తెలిసే వుంటాది. ఆ కందేనా?" అని అడిగితే నా నోటి నుంచి కాదు అనే మాట వెంటనే రాలేదు. ఆకు తిప్పితే కనిపించిన నల్లటి పిల్లపురుగులు గుర్తొచ్చాయి. కాసేపటికి కాదు వదినా అన్నాను. ఆమె ఆ కాసేపటినే విన్నది. సంచి మూతి ముడి వేసి, దాన్ని ఈడ్చుకుంటూ పోయింది.

సంక్రాంతి దాటినా ఆర్డరు రాలేదు. పేడలో గింజలు పడడం ఎప్పుడో ఆగిపోయింది. మొలిచిన రెండు మూడు మొలకలను నేనే పెరికి కాల్చాను. ఒక పొద్దున అన్న కంచె గేటు తీసి మందను బయటికి తోలాడు.

"యాడికన్నా?"

"కసువు ఉండే తావుకు. ఆర్డరు వచ్చేలోపల ఇవి పోతాయి. అమ్మను, కొయ్యను. ఊరికే మేపుకుంటా. కావాలంటే వచ్చి నన్ను జైల్లో పెట్టమను."

నేను మేడంకు ఫోను చేసి చెప్పాను. ఆమె "పోనీలేమ్మా" అన్నారు. నేనూ అన్న వెంట నడిచాను.

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వైపు పోయాం. గిట్టలు చెడిన జీవాలు కుంటుతూ నడిచేవి. మరీ నడవలేని పిల్లలను అన్న భుజాన ఒకదాన్ని, నేను చంకన ఒకదాన్ని మోసేవాళ్లం. ఒక ఊళ్లో నీళ్ల తొట్టి దగ్గర గొర్రెలు మూతి పెట్టేలోపలే ఒకామె మమ్మల్ని గుర్తుపట్టింది. "ఫోన్లో వచ్చినోళ్లు వీళ్లే" అని అరిచింది. జనం చేరారు. అన్న మందను మళ్లించాడు. దాహంతో అవి వెనక్కి వెనక్కి తిరిగి చూస్తుంటే వాటిని కట్టెతో కొట్టాడు. మా అన్న మందను అంత గట్టిగా కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. రోడ్డు ఎక్కాక మైలురాయి మీద కూర్చుని, "ఇంగ వద్దుమే. వీటిని ఈడనే వదిలేసి మనం బస్సెక్కి పోదాం" అన్నాడు. అతను ఏడవడం లేదు. ముఖంలో ఏమీ లేదు. దానికే నాకు భయం వేసింది. భుజం పట్టి లేపి నడిపించాను.

జమ్మలమడుగుకు ముందు నల్లరేగడి పొలాలు. అంతా శనగ. ఒక చేని గట్టు మీద తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. రిటైరైన బడిపంతులు. ఆ రోజు ఆదివారం, చర్చి నుంచి నేరుగా చేనికి వచ్చారట. ఆయన చుట్టూ ఉన్న శనగ చూడగానే సంగతి తెలిసిపోయింది. ఆకు జల్లెడైంది. కాయ కాయకూ గుండ్రటి చిల్లు. కొన్ని చిల్లుల్లోంచి పురుగు సగం బయటికి వేలాడుతోంది.

మంద రోడ్డు పక్కనే ఆగింది. ఆయన మమ్మల్ని చూసి, "మేపుకుంటారా?" అన్నారు.

అన్న నా వైపు చూశాడు. చెప్పొద్దు అని ఆ చూపు. కానీ తర్వాత తెలిస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది. నేను చెప్పాను. కంచె, కంది, వీడియో, చచ్చిన పిల్లలు, రాని ఆర్డరు, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"ఆ కందిని నువ్వు కండ్లారా చూసినావా పాపా?"

"చూసినా సార్. రోజూ చూసినా."

"పురుగు పడలేదా?"

"పడింది సార్. పడి సచ్చింది."

ఆయన ఒక శనగ కొమ్మ తెంపి చేతిలో తిప్పారు. "శనగకు కూడా వస్తాదా అట్లాంటిది?"

"చేస్తాండారు సార్. ఎప్పుడు వస్తాదో, వస్తాదో రాదో నాకు తెలీదు."

"నాకు డెబ్బై దాటినాయి" అని లేచి నిలబడ్డారు. "అట్లాంటి చేను నాకుంటే ఈపొద్దు మీకు ఇచ్చేవాణ్ని కాదు. ఈడ కోసేదానికి ఏముంది? తోలుకోప్పా. మందులు కొట్టి శానా రోజులైంది, భయంలేదు. పురుగుతోపాటు తినేయమను."

అన్న ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. ఆయన వెనక్కి జరిగి, చెప్పులు వేసుకుని, తిరిగి చూడకుండా ఊరి వైపు నడిచారు. పంట మీదికి మందను తోలుతుంటే చూడలేకపోయారేమో. గొర్రెలు తలలు వంచి ఆ పుల్లటి ఆకును కరకరా కొరికాయి. అన్న గట్టు మీద వెల్లకిలా పడుకుని కండ్ల మీద కండువా కప్పుకున్నాడు.

వేసవి ముదిరేదాకా ఆ చేనిలోనూ, పక్కన అట్లాగే పోయిన చేలలోనూ మేపుకున్నాం. సారు చెప్పాక పక్క రైతులూ కాదనలేదు. పిల్లలు చావడం ఆగింది. గిట్టలు ఆరాయి. రెండు మూడు గొర్రెలు అక్కడే ఈనాయి కూడా.

మేము ఊరికి తిరిగి వచ్చాక మేడం ఫోను చేశారు. పశువుల డాక్టరు రాసిన రిపోర్టు మీద ఆర్డరు వచ్చింది, మీ గొర్రెల్లో ఏ దోషమూ లేదు, అమ్ముకోవచ్చు అన్నారు. ఈ ప్రాంతంలో ప్రయోగం మళ్లీ పెట్టరని, తనను వేరే పనికి మార్చారని, విత్తనం చల్లటి గదిలో భద్రంగానే ఉందని చెప్పారు. నేను పోయి అన్నకు చెప్పాను.

"మంచివేనంటనా?" అన్నాడు అన్న. "అయితే వచ్చి ఊర్లో మైకు పెట్టి చెప్పమను. ఆ వీడియో పోయిన ప్రతి ఊర్లో చెప్పమను."

అడిగాను. ఎవరూ రాలేదు. ఆ యేడూ మా మందను ఏ రైతూ పిలవలేదు. ప్రొద్దుటూరు అంగడి ఆయనకు ఫోను చేస్తే ఎత్తలేదు. చివరికి మమ్మల్ని ఎరగని బళ్లారి వైపు మనిషి ఒకడు లారీ తెచ్చుకుని వస్తే, అన్న ఆ వీడియో తనే చూపించి, జరిగిందంతా చెప్పి, అతను చెప్పిన ధరకే మొత్తం మందను ఎక్కించేశాడు. తాతల కాలం నుంచి ఉన్న మంద. లారీ కదిలాక వదిన దొడ్డిలోకి పోయి లోపలి నుంచి తడిక వేసుకుంది.

దొడ్డిలో పేడ కుప్ప మిగిలింది. ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ తీసుకుపోలేదు. వానలు పడ్డాక అన్నా వదినా దాన్ని గంపలతో మోసి మా కంది పొలంలోనే చల్లారు. ఆ యేడు మా కంది ఊళ్లో అందరి కందికంటే ఏపుగా పెరిగింది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పూత విరగబూసింది. తర్వాత పురుగు పడింది.

నేను అప్పటికి ప్రొద్దుటూరులో పురుగుమందుల అంగడిలో పనికి కుదిరాను. అన్న పొద్దున్నే ఫోను చేశాడు.

"అమ్మీ, పడినాదిమే. కొత్త మందు ఏదన్నా వచ్చిందా ఆడ?"

వచ్చిందన్నాను. బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపాను. అది పనిచేస్తుందా అని అన్న అడగలేదు. నేనూ చెప్పలేదు.